మిషిగన్‌లో కొత్త కాపురం: నాయనమ్మ పొదుపు ఇక్కడ ఎంతవరకు చెల్లుతుంది

దిగిన వారంలోనే ఎవరో ఒకరు మిమ్మల్ని కారెక్కించుకుని పెద్ద టోకు కొట్టుకి తీసుకెళ్తారు. మంచి మనసుతోనే తీసుకెళ్తారు. తిరిగొచ్చేసరికి ఇద్దరే ఉన్న ఇంట్లోకి డజను పేపర్ టవల్ చుట్టలు, ఏడాదికి సరిపడా సబ్బుపొడి, తలుపంత టీవీ వచ్చి పడతాయి. అందుకే ముందుగా చెప్తున్నా: మొదటి నెల పరుపు, చలికోటు, బియ్యం, పప్పులు తప్ప ఏమీ కొనకండి. ఏది లేకపోతే నిజంగా పని ఆగిపోతోందో నెల తిరిగేసరికి మీకే తెలుస్తుంది.

నేను 2012 జనవరిలో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగాను. హెచ్-4 వీసా, అంటే హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చేది. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యనిచ్చేవారు కాదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి ఇవ్వడం మొదలైంది. అప్పటిదాకా మా ఇంట్లో ఒక్క జీతమే. ఆ మూడేళ్ళలో తెనాలిలో మా నాయనమ్మ చేసిన పనులన్నీ ఒక్కొక్కటే ఇక్కడ చేసి చూశాను. కొన్ని అతికాయి, కొన్నిటికి ఇక్కడి చలి ఒప్పుకోలేదు.

సూట్‌కేసులో

మిక్సీ తేకండి. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే దాని ఖరీదూ బరువూ మిక్సీని మించిపోతాయి. ప్రీతి వాళ్ళ 110 వోల్టుల మిక్సీ ఇక్కడి ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతుంది. తేవలసినవి వేరే ఉన్నాయి: కుక్కర్, దానికి రెండు అదనపు గాస్కెట్లు, పోపులపెట్టె, గరిటెలు. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అద్దంలాంటి చదును స్టవ్ ఉంటుంది. దాని మీద గుండ్రటి అడుగున్న మూకుడు నిలవదు, వేడీ ఎక్కదు. అడుగు చదునుగా ఉన్నదే పెట్టుకోండి.

బియ్యం, పచ్చి కరివేపాకు, విత్తనాలు మాత్రం వద్దు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చళ్ళు, పొడులు ఉంటే అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి. చెప్పకుండా దొరికితే జరిమానా.

రెండు పాత నూలు చీరలు కూడా పెట్టుకోండి. నవ్వకండి. ఒక్కో చీర చింపితే ఆరేడు ముక్కలు. మసిగుడ్డకి ఒకటి, గట్టు తుడవడానికి రెండు, ఇడ్లీరవ్వ పిండడానికి ఒకటి. మా ఇంట్లో పేపర్ టవల్ చుట్ట ఒకటి కొంటే చుట్టాలొచ్చినప్పుడే బయటికి వస్తుంది.

వంటింట్లో

అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. కూపన్లు కత్తిరించుకుంటూ కూర్చుంటే నాలుగు డాలర్లు మిగలొచ్చు. పెరుగు, పిండి, నెయ్యి ఇంట్లో చేసుకుంటే నెలనెలా మిగులుతుంది.

పాలు గ్యాలన్ డబ్బాలో తీసుకోండి. గ్యాలనంటే 3.78 లీటర్లు. హోల్ మిల్క్ అయితే పెరుగు గట్టిగా వస్తుంది. మొదటిసారి తోడుకి ఏమీ కలపని పెరుగు చిన్న డబ్బా ఒకటి కొనండి, దాని మీద లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్ అని రాసి ఉండాలి. పాలు పొంగు దాకా కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి దించి, ఒక చెంచా పెరుగు కలపండి. ఇంతవరకు మన పద్ధతే. చిక్కంతా తర్వాతే. జనవరిలో వంటింటి గట్టు మీద పెడితే పొద్దున్నకి పాలు పాలలాగే ఉంటాయి. గిన్నెని అవెన్‌లో పెట్టి, అవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వెయ్యండి. ఆ బల్బు వేడి చాలు, రాత్రికి రాత్రి తోడుకుంటుంది.

ఇడ్లీపిండికీ అదే చోటు. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. చలికాలంలో పులవడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. ఇక్కడొక ప్రమాదం ఉంది, నా అనుభవమే చెప్తాను. మొదటి సంక్రాంతికి పిండి రుబ్బి, ప్లాస్టిక్ మూత పెట్టి అవెన్‌లో ఉంచాను. సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి వచ్చి, పిజ్జా కోసమని లోపల చూడకుండా 425 డిగ్రీల ఫారన్‌హీట్‌కి అవెన్ పెట్టారు. నేను స్నానంలో ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఫైర్ అలారం మోగుతోంది, మూత కరిగి గిన్నె అంచుల మీదుగా కారుతోంది, పిండి పైన గోధుమరంగు కేకులా పొంగి ఉంది. గిన్నె అడుగున నల్లటి పట్టు ఇప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి అవెన్ మీటకి "పిండి ఉంది" అని కాగితం అంటిస్తాను. మీరూ అంటించండి.

అలారం అంటే గుర్తొచ్చింది. పోపులో ఎండుమిర్చి కాస్త మాడితే చాలు, ఇక్కడ మోగుతుంది. కిటికీ తెరవండి, స్టవ్ పైనున్న ఫ్యాను వెయ్యండి. విసిగిపోయి బ్యాటరీ తీసెయ్యకండి. మిగిలిన నూనె సింకులో పొయ్యకండి, గొట్టంలో గడ్డకడుతుంది. ఖాళీ డబ్బాలో పోసి, చల్లారాక చెత్తలో వెయ్యండి.

వెన్న ధర థ్యాంక్స్ గివింగ్, క్రిస్మస్ ముందు తగ్గుతుంది, అందరూ కేకులు చేసుకునే కాలం కదా, దుకాణాలు తగ్గింపు పెడతాయి. ఉప్పు లేని వెన్న నాలుగైదు పౌండ్లు కొని ఫ్రీజర్‌లో పడేసుకోండి. పౌండు వెన్న కాస్తే దాదాపు 350 గ్రాముల నెయ్యి వస్తుంది. దించేముందు రెండు కరివేపాకు రెబ్బలు వెయ్యండి. అడుగున మిగిలే గసిలో వేడన్నం, చిటికెడు పంచదార కలిపితే పిల్లలు గిన్నె కడగక్కర్లేకుండా చేస్తారు.

పచ్చళ్ళకీ పొడులకీ డబ్బాలు కొనకండి. జామ్ సీసాలు, సాల్సా సీసాలు వేడినీళ్ళలో నానబెడితే కాగితం ఊడొస్తుంది. మా అమ్మ 2014లో వచ్చినప్పుడు ఆరునెలల్లో 43 సీసాలు పోగేసింది. కోప్పడ్డాను. ఇప్పుడు వాటిలోనే కందిపొడి, కారప్పొడి ఉన్నాయి.

చలీ, కరెంటు బిల్లూ

ఇక్కడ మాత్రం నాయనమ్మ మాట వినకూడదు. "ఊరెళ్తే అన్నీ ఆర్పేసి వెళ్ళు" అనేది. మా పైవాటాలోని కుర్రాళ్ళు అలాగే డిసెంబర్‌లో హీటర్ పూర్తిగా ఆపేసి ఇండియా వెళ్ళారు. గోడలో నీళ్ళ గొట్టం గడ్డకట్టి పగిలి, మా పైకప్పు తడిసి చుక్కలు పడటం మొదలయ్యాక అందరికీ తెలిసింది. ఊరెళ్ళినా థర్మోస్టాట్ (ఇంటి వేడిని సరిచేసే మీట) 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తక్కువ పెట్టకండి. చలేస్తోందని గ్యాస్ అవెన్ తెరిచి ఇల్లు వెచ్చబెట్టే ఆలోచన అసలు వద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంట్లో ఉన్నప్పుడు 68 చాలు, మన లెక్కలో 20 డిగ్రీలు. మేజోళ్ళూ స్వెట్టరూ వేసుకుంటే అలవాటైపోతుంది. రోజులో 8 గంటలు, పడుకున్నప్పుడో ఆఫీసుకెళ్ళినప్పుడో, ఫారన్‌హీట్ లెక్కలో 7 నుంచి 10 డిగ్రీలు తగ్గించి పెడితే ఇల్లు వెచ్చబెట్టే, చల్లబరిచే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగలొచ్చని ఇక్కడి ఇంధన శాఖే చెప్తుంది. పసిబిడ్డో పెద్దవాళ్ళో ఉంటే ఈ లెక్క పక్కన పెట్టండి.

మా వైపు కరెంటు డీటీఈ కంపెనీది. మామూలు ప్లాన్‌లో పనిరోజుల్లో మధ్యాహ్నం 3 నుంచి 7 వరకు యూనిట్ ధర ఎక్కువ. బట్టల మిషను, గిన్నెల మిషను ఏడు దాటాక వేసుకోండి. డ్రయ్యరు అయితే చలికాలంలో చాలావరకు అక్కర్లేదు. హీటర్ వల్ల ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే దండెం స్టాండు మీద వేసిన లుంగీ తెల్లారేసరికి అప్పడంలా ఆరుతుంది, ఆ తేమ మన ముక్కుకీ మంచిదే. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటే మాత్రం తగ్గించండి, బూజు పడుతుంది. బాల్కనీలో ఆరెయ్యడానికి చాలా అపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు, అగ్రిమెంటు చదువుకోండి.

పాతవీ, ఊరికే వచ్చేవీ

పాత వస్తువు వాడితే చిన్నతనమనే మాట విమానంలోనే వదిలెయ్యండి. గుడ్‌విల్ లాంటి దుకాణాల్లో, వేసవి శనివారాల్లో గరాజ్ సేల్స్‌లో బల్లలు, కుర్చీలు, పిల్లల మంచుబూట్లు శుభ్రమైనవి దొరుకుతాయి. పరుపు, సోఫా రోడ్డు పక్కన ఊరికే ఉన్నా ముట్టుకోకండి, నల్లులు పట్టాయంటే వదిలించుకునే ఖర్చుకి కొత్త సోఫాలు రెండొస్తాయి. పిల్లల కారు సీటు కూడా పాతది వద్దు. అది ఏ ప్రమాదంలో దెబ్బతిందో మనకి తెలియదు.

ఊరి లైబ్రరీ కార్డు ఉచితం, అడ్రసు రుజువు తీసుకెళ్ళండి. తమ దగ్గర లేని పుస్తకం మెల్‌క్యాట్ అనే ఉమ్మడి కేటలాగు ద్వారా రాష్ట్రంలో వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు.

కూల్‌డ్రింకు, బీరు సీసాలు, డబ్బాలు చెత్తలో వెయ్యకండి. కొనేటప్పుడే ఒక్కోదానికి 10 సెంట్లు డిపాజిట్ కట్టారు. సరుకుల దుకాణం గుమ్మం దగ్గర మిషన్‌లో వేస్తే రసీదు వస్తుంది, రోజుకి 25 డాలర్ల దాకా ఇస్తారు. డబ్బా నలపకండి, మిషను తీసుకోదు. మంచినీళ్ళ సీసాకి ఏమీ రాదు. మా అబ్బాయికి ఇదే జేబుఖర్చు. ఎవరింట్లో పుట్టినరోజైనా సంచి పట్టుకుని బయల్దేరతాడు, నాకు సిగ్గేస్తుంది గానీ ఆపను.

లెక్క రాయడం గురించి ఒక్కటే చెప్తాను. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకోవడం మూడు నెలల్లో మానెయ్యండి. కాలీఫ్లవర్ ధర చూసి గుండె ఆగి పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు, అదే మనిషి ఫోన్ ప్లాన్‌కి ఎంత పోతోందో ఏడాదిపాటు చూసుకోరు. ఆరోగ్య బీమా దగ్గర కక్కుర్తి పడకండి. నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. నేను జీతం పడిన రోజే 25 డాలర్లు వేరే ఖాతాలోకి దానంతటదే పోయేలా పెట్టాను. మొదటిసారి ఇండియా టికెట్లు అందులోంచే కొన్నాం.

ఆగస్టు, సెప్టెంబర్లలో డెట్రాయిట్ ఈస్టర్న్ మార్కెట్‌కి శనివారం మధ్యాహ్నం దాటాక వెళ్ళండి. సర్దుకునే వేళకి టమాటా పెట్టెలు బేరానికి వస్తాయి. ముక్కలు కోసి ఉప్పేసి మూడు రోజులు ఎండబెట్టి నిల్వపచ్చడి పెడతాను. కాకుల బెడద లేదు, ఉడతలున్నాయి, పైన పాత దోమతెర కప్పాలి. గోంగూర కుండీలో బాగా వస్తుంది. మే సగం దాకా రాత్రిళ్ళు మొక్కల్ని చంపే గడ్డమంచు పట్టొచ్చు కాబట్టి అంతకుముందు బయట పెట్టకండి. నేను మార్చి చివర కిటికీ దగ్గర నారు పోస్తాను, ప్రతి ఏడాదీ ఎక్కువే వస్తుంది. కావలసినవాళ్ళు మే నెలలో అడగండి, కుండీ మీరే తెచ్చుకోవాలి.