బూస్టర్ పంపు బిగింపు – 4వ పాఠం: పంపు ఎక్కడ కూర్చోవాలి?

బూస్టర్ అంటే కుళాయిల్లో నీటి ఒత్తిడి పెంచే పంపు. కిందటి పాఠంలో, గంటకు ఎన్ని లీటర్లు కావాలో లెక్క కట్టడం చూశాం. అది చేయనివాళ్లు కూడా ఇవాళ్టిది చదవొచ్చు. చేతిలో టేపు ఒకటి ఉంచుకోండి, చాలు.

విజయనగరంలో పని మొదలెట్టేటప్పుడు ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని హెచ్‌పీ వెయ్యమంటారు మేస్త్రీ?" ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లు తక్కువ. చోటు తేలకుండా హెచ్‌పీ ఎలా తేలుతుంది?

కోట వైపు ఒక లాడ్జి ఉందనుకుందాం. కింద ఒకటి, పైన నాలుగు అంతస్తులు. అంతస్తుకు 3.2 మీటర్లు. మేడ మీద ట్యాంకు అడుగు శ్లాబుకు 2 మీటర్ల ఎత్తులో ఉంది. షవరు నేలకు 2.1 మీటర్ల మీద ఉంది. నాలుగో అంతస్తు షవరుకూ ట్యాంకు అడుగుకూ మధ్య తేడా 3.1 మీటర్లు. 10 మీటర్ల నీటి ఎత్తంటే సుమారు 1 బార్ ఒత్తిడి. అంటే నాలుగో అంతస్తులో ఉన్నది 0.3 బార్. మంచి షవరుకు కనీసం 1 బార్ కావాలి. మూడో అంతస్తుకు 6.3 మీటర్లు, రెండోదానికి 9.5, మొదటిదానికి 12.7, కిందికి 15.9. ట్యాంకులో నీళ్లు దిగుతూ ఉంటాయి కాబట్టి ఎప్పుడూ అడుగు నుంచే కొలవాలి.

ఈ అంకెలు ఒకసారి చూడండి. బూస్టర్ కావలసింది పై రెండు అంతస్తులకే. రెండోదానికి అటూ ఇటూగా సరిపోతుంది. కింది రెండింటికీ అసలు అక్కర్లేదు. అందుకే పైవాటికి వేరే లైను దింపి దానికే పంపు తగిలిస్తాం, కిందివాటికి పాత లైను అలాగే ఉంటుంది. బిల్డింగంతటికీ కలిపి ఒకే బూస్టర్ పెడితే, కింది కుళాయిలు ఊరికే చిమ్మి నీళ్లు మురిక్కాలవ పాలవుతాయి.

సంపు దగ్గరే పెట్టి నేరుగా గదులకు తోస్తే? నాలుగో అంతస్తు షవరు ఎత్తు 14.9 మీటర్లు, షవరుకు 10, పైపు రాపిడికి 3 వేసుకుంటే 28 మీటర్ల హెడ్ పంపు, అంటే అంత ఎత్తుకు నీళ్లు తోయగల పంపు కావాలి. మేడ మీద పెడితే 10కి రాపిడి 2 కలిపి, ఉన్న 3.1 తీసేస్తే 9 చాలు. చిన్న మోటారే సరిపోతుంది. కరెంటు ఆదా అయిందని మాత్రం మురిసిపోకండి. ఆ ఎత్తు సంపు మోటారు ముందే ఎక్కించేసింది. అసలు లాభం వేరే ఉంది. కరెంటు పోయినా ట్యాంకులో నీళ్లుంటాయి. 2014 హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊళ్లు మనవి, ఈ మాట మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ లాభం దక్కాలంటే పంపు పక్కనే బైపాస్ ఉండాలి. పంపు పీల్చే వైపు నుంచి తోసే వైపుకు ఒక పైపు, దాని మీద నీళ్లను ఒకే దిక్కుకు పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు. పంపు తిరుగుతున్నప్పుడు వాల్వు మూసుకుంటుంది, ఆగినప్పుడు ట్యాంకు నీళ్లు దాని గుండా జారతాయి. వాల్వు మీద బాణం గుర్తు గదుల వైపు ఉండాలి. తిరగేసి పెట్టారా, పంపు తోసిన నీళ్లు మళ్లీ పంపులోకే వచ్చి అక్కడక్కడే తిరుగుతుంటాయి. మొదట్లో నేనూ ఒకసారి తిరగేశాను. సిరిమానోత్సవం ముందురోజు అది, లాడ్జి అంతా జనం. ఆ పూట తిన్న తిట్లు ఇంకా గుర్తే.

ఇక పీల్చే వైపు. పంపు తోయడంలో గట్టిది, పీల్చడంలో బలహీనం. సిద్ధాంతం ప్రకారం 10.3 మీటర్ల లోతు నుంచి పీల్చాలి. నిజంలో 6, 7 దాటిందంటే నమ్మకం లేదు. నీళ్లు తమంతట తామే పంపులోకి వచ్చి నిండేటట్టు పెట్టడమే మేలు. ట్యాంకు కింద పెడితే ఆ చింత లేదు. సంపు పక్కనే పెట్టాల్సి వస్తే, పంపు సంపు నీటిమట్టం కంటే కిందికి రావాలని సెల్లారులోకి దింపుతారు. అక్కడ వాన నీరు చేరే చోటైతే దిమ్మె ఎత్తు చేయండి, స్టార్టరు డబ్బా గోడ మీద ఎత్తులో పెట్టండి. మున్సిపాలిటీ కుళాయి లైనుకు నేరుగా బూస్టర్ తగిలించమని ఎవరడిగినా ఒప్పుకోవద్దు. లైనులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది.

పీల్చే పైపు పంపు మూతి కంటే ఒక సైజు పెద్దది వేయాలి, 40 ఎంఎం మూతికి 50 పైపు. రెండింటినీ కలిపే, ఒక పక్క చదునుగా ఉండే రెడ్యూసరులో ఆ చదును వైపు పైకి ఉండాలి, లేకుంటే గాలి బుడగ అక్కడ తిష్ఠ వేస్తుంది. మూతికి ఎల్బో (వంపు ముక్క) అంటించవద్దు, కనీసం 5 రెట్ల వ్యాసం, అంటే 250 ఎంఎం, తిన్నగా ఉంచండి. పైపు మధ్యలో గూని ఉండకూడదు.

మేడ మీద పంపును గది నడినెత్తిన పెట్టొద్దు. కింద పడుకున్నవాడికి రాత్రంతా గుయ్యి వినిపిస్తుంది. పిల్లరో బీమో ఉన్నచోట దిమ్మె కట్టి, రబ్బరు ప్యాడ్లు వేసి, రెండు వైపులా పైపులకు అదురు పాకకుండా రబ్బరు బెల్లోస్ (సాగే జాయింట్లు) పెట్టండి. బోల్టులు దిమ్మెలోనే ఆగాలి, శ్లాబు తొలిస్తే ఏడాది తిరక్కుండా కారుతుంది. మీద రేకు నీడ, పక్కన మనిషి కూర్చుని స్పానరు తిప్పే జాగా. ఈ జాగా విషయంలో పిసినారితనం చేసినవాళ్లే రిపేరుకు ఎక్కువ కూలి ఇచ్చుకుంటారు.

ఈ వారం పని: మీకు తెలిసిన ఒక షాపింగ్ కాంప్లెక్సులో గానీ హాస్టల్లో గానీ పై అంతస్తు కుళాయికీ ట్యాంకు అడుగుకూ ఎత్తు తేడా కొలిచి, బార్లలో రాసుకోండి. ఏయే అంతస్తులకు బూస్టర్ కావాలో గీత గీయండి. 5వ పాఠంలో ఆ కాగితంతోనే ప్రెషర్ ట్యాంకు, స్విచ్చి సెట్ చేద్దాం.