లాటిన్ పత్రాల్లో నార్మన్ వంశాలను గుర్తుపట్టడం ఎలా?
ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన 11వ శతాబ్దపు నార్మన్ ప్రభువుల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. అందుకే పేరును నమ్ముకోకుండా భూమిని పట్టుకుని వెతకండి. కౌంట్ గిల్బర్ట్ కొడుకు రిచర్డ్‌నే తీసుకోండి: 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో (రాజు చేయించిన ఇంగ్లండ్ భూముల సర్వే) ఒకచోట 'ఫిలియస్ గిస్లెబెర్తి' అంటే గిల్బర్ట్ కొడుకు, మరోచోట టన్‌బ్రిడ్జ్ రిచర్డ్, ఇంకోచోట క్లేర్ రిచర్డ్ (టన్‌బ్రిడ్జ్, క్లేర్ అతని భూములున్న ఊళ్లు). అదే గ్రంథంలో డెవన్ జిల్లా పుటల్లోని 'బాల్డ్వినస్ వికెకోమెస్', అంటే షెరీఫ్ బాల్డ్విన్, అతని సొంత సోదరుడే!

బిరుదు అర్థం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. వికెకోమెస్ నార్మండీలో వైకౌంట్, ఇంగ్లండ్‌లో షెరీఫ్ (జిల్లాలో రాజు తరఫు అధికారి). కోమెస్ అక్కడ కౌంట్, ఇక్కడ ఎర్ల్. దాపిఫెర్ (గృహ నిర్వాహకుడు), పింకెర్నా (పానీయాల అధికారి) కొలువులు, వంశనామాలు కావు.

ప్రతి ప్రస్తావనకూ ఒక చీటీ రాయండి: పేరు, బిరుదు, ఊరు, సాక్షులు. 'సిగ్నుమ్' (సాక్షి గుర్తు) తర్వాత పేరు షష్ఠీ విభక్తిలో ఉంటుంది, మూలరూపానికి మార్చాకే వెతకండి. 'దె బెల్లో మోంతె' అంటే బోమాంట్ వంశం. తేదీ లేని దానపత్రానికి సాక్షులైన బిషప్పుల, మఠాధిపతుల పదవీకాలాలతో హద్దులు వేయండి.

అసలు ప్రమాదం 'నెపోస్'తో. అది మనవడూ కావచ్చు, సోదరుడి లేదా సోదరి కొడుకూ కావచ్చు. భూమి వారసత్వం తేల్చేదాకా వంశవృక్షంలో గీత గీయకండి.