మైక్రో ఆర్‌ఎన్‌ఏ చదువుదాం - 4వ పాఠం: ఏడు అక్షరాలు, వెనక నుంచి

ఎముక మజ్జలోని మూలకణాలను గొట్టం అడుగున చిన్న ముద్దగా చేర్చి, టీజీఎఫ్-బీటా అనే పెరుగుదల ప్రోటీన్ అందిస్తూ మూడు వారాలు పెంచితే మృదులాస్థిగా మారతాయని పోయిన పాఠంలో చూశాం. ఇంట్లో పెద్దవాళ్లు ‘మోకాళ్లలో గుజ్జు అరిగింది’ అంటారే, ఆ గుజ్జు ఇదే. ఈ మార్పుకి మేస్త్రీ సాక్స్9 అనే ప్రోటీన్. అది పనిలోకి దిగితే మిర్-140 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగు) కూడా పెరుగుతుంది. మిర్-145 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏ మాత్రం సాక్స్9 సందేశం (ఆ ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) మీదే కూర్చుని దాన్ని అణిచేస్తుంది.

మరి ఏ సందేశం మీద ఎక్కడ కూర్చోవాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి ఎలా తెలుస్తుంది? కాగితం, పెన్సిల్ తీసుకోండి.

మిర్-140 రూపాల్లో ఒకటైన మిర్-140-5పిలో 22 అక్షరాలున్నాయి (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు నాలుగే: ఎ, యు, జి, సి). మనకి మొదటి ఎనిమిది చాలు: సి ఎ జి యు జి జి యు యు. మొదటి సి కొట్టేయండి. 2 నుంచి 8 దాకా మిగిలిందే విత్తన భాగం, అంటే సందేశంతో జోడీ కుదుర్చుకునే ముక్క.

ఎ కింద యు, యు కింద ఎ, జి కింద సి రాయండి. యు సి ఎ సి సి ఎ ఎ వచ్చిందా? ఇక్కడే ఆగకండి. నేను మొదట్లో ఇక్కడే ఆగి, లేని జోడీ కోసం ఒక సాయంత్రమంతా వెతికాను. మైక్రో ఆర్‌ఎన్‌ఏ, సందేశం రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి కాబట్టి తిరగేసి రాయాలి: ఎ ఎ సి సి ఎ సి యు. సందేశంలో ప్రోటీన్ భాగం అయిపోయాక ఉండే తోకలో దీన్ని వెతకాలి.

దొరికితే సంబరపడొద్దు. నాలుగు అక్షరాలతో ఏడు గళ్లు నింపడానికి 16,384 దారులున్నాయి. అంటే సుమారు అన్ని అక్షరాలకోసారి ఇది ఊరికే తగులుతుంది. నిజంగా పనికొచ్చే చోటైతే వేరే జీవుల్లోనూ మిగిలి ఉండొచ్చు, అందుకే అదే చోటు ఎలుకలోనూ ఉందా అని చూస్తారు. తర్వాత ఆ తోకని మిణుగురు వెలుగు జన్యువుకి తగిలించి, మిర్-140 ఉన్నప్పుడు వెలుగు తగ్గిందా, ఆ ఏడక్షరాలు చెడగొడితే మళ్లీ పెరిగిందా అని కొలుస్తారు. మృదులాస్థిని కొరికే ఆడమ్‌టీఎస్5 ఎంజైమును మిర్-140 అదుపులో పెడుతుంది. మిర్-140 తీసేసిన ఎలుకల్లో కీళ్లు త్వరగా అరిగాయి.

ఇక అభ్యాసం. పుట్టుకతో ఎముకలు సరిగా ఎదగని కొందరిలో మిర్-140-5పి రెండో అక్షరం ఎ బదులు జి ఉందని 2019లో బయటపడింది. ఒక్క అక్షరంతో పాత జోడీలు సడలిపోయి, కొత్తవి కుదిరాయి. ఆ కొత్త జోడీ ఏడక్షరాలు మీరే రాయండి. మార్పు చివరి గడిలో రావాలి. మొదటి గడిలో వచ్చిందంటే తిరగేయడం మర్చిపోయారన్నమాట.