గాలివాన వెలిశాక పది రోజులు గడవడానికి

నెల్లూరు తీరాన మా ఊళ్లో తుఫాను వస్తే ముందు పోయేది కరెంటు. కరెంటు పోతే మోటార్లు ఆగుతాయి, మిద్దె మీద ట్యాంకు ఖాళీ కాగానే నీళ్లు కూడా పోతాయి. సెల్ టవర్ కింద బ్యాటరీ ఎంతసేపు నిలిస్తే అంతసేపే ఫోన్లు. ఫోన్లు పోయాయంటే యూపీఐ పోయినట్టే, అంటే చేతిలో డబ్బు కూడా పోయినట్టే. ఆపైన రోడ్డుకు అడ్డంగా నాలుగు చెట్లు పడ్డాయా, కావలి నుంచి సరుకు రాదు. అన్నీ ఒకదాని వెనక ఒకటి పోతాయి.

ప్రపంచం అంతమైపోతే ఎట్లా బతకాలో చెప్పే వీడియోలు మా చిన్నోడు తెగ చూస్తుంటాడు. భూమిలో గది కట్టుకోవడం, తుపాకులు దాచుకోవడం, ఏళ్లకు సరిపడా డబ్బా తిండి కొనిపెట్టుకోవడం. బకింగ్‌హాం కాలువకు తూర్పున ఈ ఇసుకలో గది తవ్వితే మనిషి లోతు దిగకముందే నీళ్లు పడతాయి నాయనా అన్నాను. మాకు కావాల్సింది అది కాదు. ఇంట్లో రోజూ జరిగే పనులు ఓ కాగితం మీద రాయండి: తాగడం, వండటం, దీపం, మందులు, కబురు, డబ్బు. ఒక్కో పనికి కరెంటుతోనూ ఫోనుతోనూ సంబంధం లేని దారి ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉందా లేదా చూసుకోండి. ఈ ఊళ్లో చిల్లర అంగడి నడిపే మనిషిగా నేను చెప్పేదంతా ఈ లెక్క మీదనే.

పది రోజులు అని ఎందుకంటున్నానంటే, పట్నంలో రెండు మూడు రోజుల్లో కరెంటు వచ్చినా లైను చివరున్న పల్లెకు చివర్లోనే వస్తుంది. రోడ్ల సంగతి కూడా అంతే. 2015 నవంబరు వానలకు గూడూరు వైపు హైవే మీద నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటికి పెన్న పొంగి దామరమడుగు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. రోడ్డూ రైలూ ఒక్కసారే పోయాయి. అది తుఫాను గాలి కూడా కాదు, ఒట్టి వాన.

నీళ్లు

అన్నిటికన్నా ముందు ఇదే. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు వేసుకోండి. నలుగురున్న ఇంటికి పది రోజులకు 200 లీటర్లు, అంటే ఒక పెద్ద నీలం డ్రమ్ము. ఈ డ్రమ్ము కొనేటప్పుడే జాగ్రత్త. మా తీరంలో రొయ్యల చెరువుల దగ్గర మందులు వచ్చిన డ్రమ్ములు చవగ్గా అమ్ముతుంటారు. ఎన్నిసార్లు కడిగినా అవి తాగేనీళ్లకు పనికిరావు. కాళ్లు కడుక్కోవడానికి వాడుకోండి, అంతే. మూత గట్టిగా పట్టి, కింద కొళాయి ఉన్న డ్రమ్మయితే చెయ్యి ముంచే పని ఉండదు. తుఫాను హెచ్చరిక రాగానే డ్రమ్ము నింపండి, తర్వాత బిందెలు, గుండిగలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా. మిద్దె మీద ట్యాంకు సగం ఖాళీగా ఉంచొద్దు. నిండు ట్యాంకయితే గాలికి లేచిపోదు.

నిలవ నీళ్లు అయిపోయాక ఏ నీళ్లయినా శుద్ధి చేసుకునే తాగాలి. బురదగా ఉంటే ముందు తేర్చాలి. పటిక ముక్కను నీళ్లలో రెండు మూడు సార్లు తిప్పి తీసేస్తే కొంతసేపటికి మడ్డి అడుగుకు దిగుతుంది. మా అత్తమ్మ అయితే చిల్లగింజను కడవ లోపలి గోడకు గంధం అరగదీసినట్టు అరగదీసి, ఆ కడవలో నీళ్లు పోసేది. పొద్దున్నకల్లా పైన తేటగా ఉండేవి. ఇప్పుడు చిల్లగింజలు అడిగేవాళ్లు లేరు, నేనూ అమ్మడం లేదు. పటిక మాత్రం ఉంచుతాను.

తేరిన నీళ్లు తాగే నీళ్లు కావు, ఇది మరిచిపోవద్దు. పైతేట మాత్రం వంచుకుని, గుడ్డలో వడగట్టి, తెర్లేదాకా కాచండి. కట్టెలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు. ఒక్కో రకం బిళ్ల ఒక్కో కొలతకు సరిపోతుంది, పట్టీ మీద ఎన్ని లీటర్లకో రాసుంటుంది, చూసి వేయండి. వేశాక అర్ధగంట ఆగాలి. అప్పుడు మూత తీస్తే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. ఏ వాసనా లేకపోతే నీళ్లలో మురికి ఎక్కువుందని, మందు చాలలేదని అర్థం. కట్టెలూ బిళ్లలూ రెండూ లేని రోజు, తేట నీళ్లను రంగులేని ప్లాస్టిక్ బాటిళ్లలో పోసి మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టినా క్రిములు చస్తాయి. మబ్బు పట్టి ఉంటే రెండు రోజులు పెట్టాలి. తుఫాను తర్వాత ఎండ ఎట్లాగూ కాస్తుంది. కానీ ఉప్పుగానీ రొయ్యల చెరువు మందుగానీ కలిసిన నీళ్లను ఏం చేసినా మంచివి చేయలేం.

ఇక దొరువు. కోస్తా ఇసుక నేలలున్న ఊళ్లవాళ్లకు దీని సంగతి తెలిసిందే, పిల్లలకే తెలియడం లేదు. ఇసుకలోకి ఇంకిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతు లేని గుంట తవ్వి పైపైన కడవతో ముంచుకున్నంతసేపు నీళ్లు తియ్యగా ఉంటాయి. మోటారు పెట్టి లాగారంటే అడుగునున్న ఉప్పు పైకొచ్చేస్తుంది. కరెంటు లేనప్పుడు ఊరిని ఆదుకునేది ఈ దొరువు, బడి దగ్గరి చేతి బోరింగు, ఇవి రెండే. కాబట్టి దసరా లోపల దొరువు పూడిక తీసి, చుట్టూ గట్టు పోసుకోండి. బోరింగు వాషరు అరిగిందేమో చూడమని పంచాయతీని పట్టుకుని అడగండి. సముద్రం ఎగదన్ని దొరువులో ఉప్పునీరు చేరితే తొందరపడి మొత్తం తోడేయొద్దు, ఇంకా ఉప్పు వస్తుంది. కొంచెం కొంచెంగా తోడి దూరంగా పారబోస్తూ, మిగతాది వానకు వదిలేయాలి.

అంగట్లో నేను చూసేది

హెచ్చరిక వచ్చిన సాయంత్రం అంగడి ముందు జనం మూగుతారు. అందరూ అడిగేవి మూడే: బ్రెడ్డు, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు. పక్కవీధి వదిన ఒకసారి నాలుగు కొవ్వొత్తులు తీసుకుని పోతుంటే, "అగ్గిపెట్టె వద్దా వదినా?" అన్నాను. "ఎందుకూ, ఇంట్లో లైటరుంది గదా" అంది. గ్యాస్ లైటరు నిప్పురవ్వకు కొవ్వొత్తి వెలగదు. "అయ్యో, అవునే" అని నవ్వి రెండు అగ్గిపెట్టెలు పట్టుకుపోయింది. అగ్గిపెట్టెలను మూత బిగుతుగా ఉన్న గాజుసీసాలో వేసి, కొన్ని బియ్యపు గింజలు కూడా చల్లండి, మెత్తబడవు.

పాలు, బ్రెడ్డు తొందరగా పాడవుతాయి. నిలవ ఉండేది కొనండి. నలుగురికి పది రోజులకు 25 కిలోల బియ్యం బస్తా ధారాళంగా సరిపోతుంది. మూడు కిలోల కందిపప్పు, రెండు లీటర్ల నూనె, రెండు కిలోల ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం, ఉల్లిగడ్డలు. పొయ్యి వెలగని రోజుకు అటుకులు, బొరుగులు, పుట్నాలపప్పు, వేరుశనక్కాయలు. రాగిపిండి ఉంటే జావ కాచుకోవచ్చు, పిల్లలకూ ముసలివాళ్లకూ మేలు. ఎండుచేపలు గాలి చొరని డబ్బాలో ఉంటే సరే, లేకపోతే ఆ తేమకు పురుగు పడతాయి. ఊరగాయ జాడీ గురించి నెల్లూరు వాళ్లకు నేను చెప్పాలా!

పూటపూటకూ వండొద్దు. మధ్యాహ్నం ఒక్కసారి వండి, మిగిలిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి మూతపెడితే పొద్దున చద్దన్నం. గ్యాసు సగం మిగులుతుంది. గ్యాసూ అయిపోతే మూడు ఇటుకల పొయ్యి. కానీ తుఫాను వెళ్లాక ఎండుపుల్ల ఎక్కడ దొరుకుతుంది? సరుగుడు కంప, కొబ్బరి మట్టలు రెండు మోపులు ఆశ్వయుజంలోనే అటక మీదకు ఎక్కించండి. దీపానికి, రేషన్లో కిరోసిన్ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, సోలార్ లైటు ఒకటి, సెల్లుల టార్చి ఒకటి. అవీ లేకపోతే వంటనూనెలో వత్తి వేసిన దీపం ఎప్పుడూ ఉండేదే.

డబ్బు ఇంట్లో ఓ వారానికి సరిపడా ఉంచండి, అన్నీ పది, ఇరవై, యాభై, వంద నోట్లే. అందరూ ఐదొందల నోటు తెస్తే చిల్లర నా దగ్గరా ఉండదు. అట్లాంటప్పుడు నడిచేది పద్దు పుస్తకం ఒక్కటే. మీ ఊళ్లో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి పద్దు రాసుకునే అంగడి ఒకటి ఉందంటే, అదీ సరంజామాలో భాగమే. పెద్ద దుకాణాలకు తిరిగేవాళ్లు ఈ మాట నా స్వార్థం అనుకోవచ్చు. అనుకోండి.

గాలి వచ్చే ముందు, గాలిలో

కృష్ణపట్నం ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో టీవీలో చెబుతుంటారు. ఒకటి, రెండు అంటే తుఫాను ఇంకా దూరాన ఉందని. ఐదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహాప్రమాదం. పదకొండు అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. ఎనిమిది దాకా చూద్దాంలే అని కూర్చోవద్దు. రేకుల ఇల్లయినా పూరిల్లయినా, కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న ఏ ఇల్లయినా సరే, పొద్దు ఉండగానే తుఫాను షెల్టరుకో బడికో చేరాలి. నెలలు నిండిన ఆడపిల్లను ఒకరోజు ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. గొడ్ల పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు నీళ్లొస్తే ఎటూ పోలేదు.

1989 నవంబరులో వచ్చిన కావలి తుఫాను థాయ్‌లాండ్ అవతల పుట్టి, ఆ దేశాన్ని దాటుకుని, బంగాళాఖాతం మొత్తం ఈది మా మీదకొచ్చింది. అంత బలమైన తుఫానుకు నడిమధ్య గాలి లేని కన్ను ఉంటుంది. ఒకవైపు నుంచి కొట్టి కొట్టి గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెలిసిందనుకుని రేకులు ఏరుకోవడానికి బయటికి వెళ్తారు. కాసేపటికే రెండోవైపు నుంచి అంత గాలీ మళ్లీ మొదలవుతుంది. గాలి ఆగిన తర్వాత కూడా రేడియోలో చెప్పేదాకా గడప దాటొద్దు. అందుకే సెల్లులతో పనిచేసే చిన్న ట్రాన్సిస్టర్ కొనమంటాను. సెల్లులు విడిగా ఉంచండి, లోపల పెట్టి వదిలేస్తే కారిపోయి రేడియో చెడుతుంది.

వెలిశాక

పడిన కరెంటు తీగను చచ్చిన తీగ అనుకోవద్దు. దాని కింద నిలిచిన నీళ్లలోనూ అడుగు పెట్టొద్దు. నీళ్లు దిగేటప్పుడు పాములు ఇళ్లలోకీ గడ్డివాముల్లోకీ ఎక్కుతాయి. కర్రతో తట్టకుండా ఏ మూలా చెయ్యి పెట్టకండి. కరిస్తే కోయడం, తాడు బిగించి కట్టడం, నాటుమందు, ఏవీ వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి, పడవ మీదనో ట్రాక్టరు మీదనో విషానికి సూదిమందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫోను కలిస్తే 108, జిల్లా కంట్రోల్ రూముకు 1077.

విరేచనాలు పట్టుకుంటే లీటరు శుద్ధమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, అంచుకు సమంగా తలగొట్టి. బీపీ, షుగరు మాత్రలు ఎప్పుడూ రెండు వారాలకు తగ్గకుండా ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ ఆగిపోయిందని టెన్షన్ పడి మందు పారేయొద్దు. మట్టికుండకు తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టి, సీసాను తడి తగలకుండా చిన్న డబ్బాలో వేసి లోపల ఉంచితే చల్లగా ఉంటుంది. మీ మందు బయట ఎన్నాళ్లు ఆగుతుందో డాక్టరును ముందే అడిగి డబ్బా మీద రాసుకోండి.

ఫోను చార్జింగుకు రొయ్యల చెరువుల జనరేటర్లే దిక్కు. వాళ్లతో ముందే మాట్లాడుకోండి. జనరేటరును మాత్రం ఇంట్లో గానీ వసారాలో గానీ నడపొద్దు, దాని పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇట్లాగే ఊళ్లో ఎవరి దగ్గర ఏముందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి: ట్రాక్టరు, పడవ, గొడ్డలి, చెట్లు కోసే రంపం, నిచ్చెన, మోకులు, నర్సు, కరెంటు పని తెలిసినవాడు. పట్టపుపాలెం వాళ్లను, అంటే చేపలు పట్టేవాళ్లను, తప్పకుండా కలుపుకోండి. పడవా మోకూ వాళ్ల దగ్గరే ఉంటాయి, గాలి సంగతి మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఇల్లు కూలినా పైరు మునిగినా, తీసి శుభ్రం చేసేముందు ఫోటో తీయండి. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి నీళ్లు దిగిపోయి ఉంటాయి. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, షెల్టరుకు పోయేటప్పుడు ఒంటి మీదే పెట్టుకోండి.

ఈ సామాను ఏడాదికి రెండుసార్లు తీసి చూసుకోవాలి. వినాయక చవితి వెళ్లగానే ఒకసారి, ఎందుకంటే మన పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023లో మిచౌంగ్ అయితే డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఉగాది వెళ్లాక రెండోసారి. ఎండాకాలంలో తుఫానేంటి అనుకోకండి, 1990లో వచ్చిన తుఫానూ మేలోనే, ఒంగోలును ముంచిన 2010 లైలా కూడా మేలోనే. బియ్యం, పప్పు వంటింట్లోకి మార్చి కొత్తవి పోయండి, మాత్రల తేదీలు చూడండి, క్లోరిన్ బిళ్లలు పొడిపొడిగా అయిపోయి ఉంటే పారేయండి, సెల్లులు టార్చిలో వేసి వెలిగించి చూడండి, డ్రమ్ము కడిగి బోర్లించండి.