పిడికెడు సెగతో నలుగురికి కూడు: బెర్లిన్ గడ్డిపెట్టె కట్టడం, వాడడం

1946–47 చలికాలంలో బెర్లిన్ ఇళ్లలో తిండికి ఎంత కరువో పొయ్యిలోకి పుల్లలకూ అంతే కరువు. టీర్‌గార్టెన్ పార్కులో ఒకప్పుడు దాదాపు 2 లక్షల చెట్లుండేవి. బాంబులకు పోయినవి పోగా, మిగతావి జనం వంటచెరకుకు నరుక్కుంటే 700 దాకా నిలిచాయి. అందుకే కుండను కాసేపు మరిగించి, గడ్డి కుక్కిన పెట్టెలో మూసిపెట్టేవాళ్లు. తక్కిన ఉడుకంతా అందులోనే. దాన్ని కోఖ్‌కిస్టె అనేవారు, అంటే వంటపెట్టె.

కుండ కన్నా అన్ని వైపులా 10 సెంటీమీటర్లు పెద్దదైన చెక్కపెట్టె తీసుకోండి. పాత సూట్‌కేసైనా సరే. లోపల పాత పేపర్లు ఐదారు మడతలు పరచి సందులు మూసేయండి. అడుగున 10 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరిచి చేత్తో అదమండి. మధ్యలో కుండ నిలిపి చుట్టూ గడ్డి కూరితే, కుండ తీశాక కూడా గూడు చెదరకుండా నిలవాలి. పైన కప్పడానికి గడ్డి కుక్కిన దిండు ఒకటి. పొడవు పిడి ఉన్న గిన్నె పనికిరాదు, పిడి పక్కనుంచే వేడి పోతుంది. మూత మాత్రం బిగుతుగా ఉండాలి.

ఇక వంట. 1945 మేలో మొదలైన రేషన్‌లో గృహిణులకు దక్కింది అన్నిటికన్నా కింది ఐదో కార్డు. జనం దాన్ని ఆకలి కార్డు అనేవారు. మనిషికి రోజుకు రొట్టె 300 గ్రాములు, గింజధాన్యం 30, మాంసం 20, కొవ్వు 7. బంగాళాదుంపలు 400 గ్రాములు. నలుగురి వాటా కలిపితే బార్లీ 120 గ్రాములు, దుంపలు 1.6 కిలోలు. 5 లీటర్ల కుండ సరిగ్గా సరిపోతుంది.

బార్లీ రాత్రే నానబెట్టండి. 2 లీటర్ల నీళ్లలో 15 నిమిషాలు ఉడికించి, తొక్క తీయకుండా కడిగి కోసిన దుంపలు వేయండి. మళ్లీ తెర్లడం మొదలయ్యాక 5 నిమిషాలు ఆగి, మూత తీయకుండానే పెట్టెలోకి దించండి. మూడు గంటలు కదపొద్దు. ఆవిరి పోదు గనుక మామూలు కన్నా నీళ్లు తక్కువే పడతాయి.

ఉడకలేదంటే కారణం చాలావరకు కుండ వెలితే. కనీసం ముప్పాతిక నిండకపోతే దానిలో నిలిచే వేడి చాలదు. మధ్యలో మూత తీసి చూస్తే మళ్లీ పొయ్యి ఎక్కించక తప్పదు. పెట్టెను గచ్చు మీద కాక రెండు చెక్కల మీద పెట్టండి. దించేముందు కుండ అడుగును తడిగుడ్డతో తుడవాలి, అంటుకున్న ఒక్క నిప్పురవ్వ చాలు గడ్డి తగలబడడానికి. ఆవిరికి తడిసిన గడ్డి వేడిని నిలపదు, బూజు కూడా పడుతుంది. వాడిన ప్రతిసారీ దిండు తీసి ఆరబెట్టండి.

మాంసం వేస్తే చిన్న ముక్కలుగా కోసి, తినేముందు మరోసారి తెర్లించండి. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే విషమవుతుంది. చాలని తిండి మీద విరేచనాలు కూడా పట్టుకుంటే పసివాళ్లు తట్టుకోలేరు.

పెట్టె దొరకనివాళ్లు కుండను పేపర్లలో చుట్టి పక్కలో, ఈకల బొంత కింద దాచేవాళ్లు. అలా పెడితే మూతను గుడ్డతో కుండకు బిగించి కట్టండి. కుండ ఒరిగి పరుపు తడిస్తే, ఆ చలిలో అది రోజుల తరబడి ఆరదు.