వర్చువల్ ప్రపంచంలో స్వచ్ఛంద సంస్థ: ముందు మనుషులు, తర్వాత భవనం

సెకండ్ లైఫ్ లాంటి వర్చువల్ ప్రపంచంలోకి, అంటే కంప్యూటర్ తెర మీద జనం బొమ్మల రూపంలో తిరుగుతూ కలుసుకునే ఆన్‌లైన్ లోకంలోకి వచ్చే స్వచ్ఛంద సంస్థల్లో చాలావాటి మొదటి పని స్థలం తీసుకోవడం. పెద్ద భవనం కడతారు, గోడల నిండా పోస్టర్లు పెడతారు, ఇక జనం వాళ్లంతట వాళ్లే వస్తారనుకుంటారు. ఎవరూ రారు. అక్కడ జనం వెతికేది భవనాల్ని కాదు, తోటి అవతార్లని, అంటే బొమ్మల రూపంలో ఉన్న తోటి మనుషుల్ని. అందుకే స్థలానికి డబ్బు కట్టే ముందు వారానికో గంట ఖాయం చేసుకోండి. ఆ గంటకు తప్పకుండా ఉండే ఇద్దరు మనుషుల్ని పెట్టండి. మొదటి మూడు నెలలు వేరే సంస్థ స్థలంలో అతిథిగా సమావేశాలు జరుపుకున్నా చాలు. స్వచ్ఛంద సంస్థలకు సాంకేతిక సాయం చేసే టెక్‌సూప్ 2007లో సెకండ్ లైఫ్‌లో మొదలుపెట్టిన సంస్థల సముదాయం నాన్‌ప్రాఫిట్ కామన్స్‌కు బలమైంది దాని ఆఫీసు గదులు కాదు, క్రమం తప్పకుండా వారం వారం జరిగిన కలయిక. సెకండ్ లైఫ్ గడియారం అమెరికా పసిఫిక్ సమయంలో నడుస్తుంది కాబట్టి ఆహ్వానంలో ఆ సమయంతో పాటు మీ వాళ్ల స్థానిక సమయం కూడా రాయండి.

కొత్తవాళ్లు తప్పిపోయేది మొదటి అరగంటలోనే. ఖాతా తెరవాలి, ఆ ప్రపంచాన్ని చూపించే వ్యూయర్ అనే ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకోవాలి, నడవడం, కూర్చోవడం నేర్చుకోవాలి. ఇదంతా సమావేశం రోజే పెట్టుకుంటే సగం మంది వెనక్కి వెళ్లిపోతారు. రెండు రోజుల ముందు విడిగా ఒక శిక్షణ గంట పెట్టండి. తమ అవతార్ కాసేపు మబ్బులా కనిపిస్తే కంగారు పడొద్దని, బొమ్మ లోడ్ అయ్యేదాకా ఆగితే చాలని ముందే చెప్పండి. మైకు విషయంలో హెడ్‌సెట్ తప్పనిసరి, బటన్ నొక్కినప్పుడే మాట వెళ్లేలా పెట్టుకోమనండి. స్పీకర్లలో వినే ఒక్క మనిషి చాలు, ప్రతిధ్వనితో సభంతా పాడవడానికి. వాయిస్ అసలు పనిచేయనివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు, వినికిడి లోపం ఉన్నవాళ్లూ ఉంటారు. వక్త మాటల్ని టెక్స్ట్ చాట్‌లో టైప్ చేసే ఇద్దరిని పెట్టి పావుగంటకోసారి మార్చండి. వికలాంగుల కోసం పనిచేసే వర్చువల్ ఎబిలిటీ సంస్థ కూడా తన కార్యక్రమాల్లో వాయిస్‌ను ఇలా అక్షరాల్లో అందిస్తుంది. మామూలు చాట్ 20 మీటర్ల దాకానే వినిపిస్తుంది, కాబట్టి కుర్చీలు ఆ దూరం లోపలే వేయండి.

పెద్ద సభ అయితే లెక్క మారుతుంది. సెకండ్ లైఫ్ నేలను రీజియన్లనే ముక్కలుగా విడగొట్టారు, ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం. పూర్తిస్థాయి రీజియన్‌లోకి వంద అవతార్ల దాకా అనుమతించవచ్చు గానీ నలభై దాటితేనే కదలికలు మొరాయిస్తాయి. నాలుగు రీజియన్లు కలిసే మూల మీద వేదిక కట్టడం పాత ఉపాయం, ఇప్పటికీ ఇంతకన్నా మంచిది లేదు. ఒక్కో రీజియన్ తన వైపు కూర్చున్నవాళ్ల భారాన్ని మోస్తుంది, అందరికీ కనిపించే వేదిక మాత్రం ఒకటే. బరువైన నగలు, స్క్రిప్టులున్న (వస్తువుల్ని పనిచేయించే చిన్న ప్రోగ్రాములున్న) బట్టలు తీసేసి రమ్మని ముందే నోటీసు పంపండి. పోస్టర్లకు 512 పిక్సెళ్ల టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) సరిపోతుంది, పెద్దవి పెడితే బూడిదరంగు పలకలే చూస్తూ కూర్చోవాలి.

అల్లరి చేసేవాళ్లు తప్పకుండా వస్తారు. వస్తువులు పెట్టే హక్కు, స్క్రిప్టులు నడిపే హక్కు మీ గ్రూపుకు మాత్రమే ఇవ్వండి, పరాయి వస్తువుల్ని వెనక్కి పంపే ఆటో రిటర్న్‌ను ఐదు నిమిషాలకు పెట్టండి. ఒక్క జాగ్రత్త: వాలంటీర్లు తెచ్చి పెట్టిన వస్తువులు స్థలం ఉన్న గ్రూపుకే సెట్ చేసి లేకపోతే, ఆ ఐదు నిమిషాల తర్వాత మీ వేదికే మాయమవుతుంది.

విరాళాల పెట్టె దగ్గర అందరూ ఒకే చోట బోల్తా పడతారు. సెకండ్ లైఫ్‌లో ఒక వస్తువుకు చెల్లించిన డబ్బు ఆ వస్తువు యజమాని అవతార్ ఖాతాలోకే పోతుంది. వాలంటీర్ తన పేరిట పెట్టె పెడితే విరాళమంతా అతని జేబులో పడ్డట్టే, అతను నిజాయితీపరుడైనా మీ ఆడిటర్‌కు చెప్పుకోవడానికేమీ ఉండదు. పోనీ గ్రూపు పేరిట బదిలీ చేద్దామా అంటే, వచ్చిన సొమ్ము వాటా పొందే హక్కున్న సభ్యులకు వాటాలుగా పంచుకుపోతుంది. సంస్థ పేరిట విడిగా ఒక ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్‌ను ఇద్దరు బాధ్యుల దగ్గర ఉంచి, పెట్టెలన్నీ ఆ ఖాతాతోనే పెట్టండి. స్క్రిప్టు మీ ఖాతా నుంచి డబ్బు తీసుకునే అనుమతి అడిగితే ఇవ్వకండి, విరాళం తీసుకోవడానికి మాత్రమే అయితే ఆ అనుమతి అక్కర్లేదు. డబ్బు చెల్లించేటప్పుడు తెరుచుకునే కిటికీలో నాలుగు బటన్లకు మొత్తాలు మీరే నిర్ణయించవచ్చు: 250, 500, 1,000, 2,500 లిండెన్ డాలర్లు (సెకండ్ లైఫ్ సొంత కరెన్సీ) పెడితే నప్పుతుంది. సుమారు 250 లిండెన్ డాలర్లు ఒక అమెరికా డాలర్, కాస్త అటూ ఇటూ మారుతుంటుంది. దాన్ని అసలు డబ్బుగా మార్చి బయటికి తీసుకోవడానికి రుసుములు పోతాయని లెక్కలో పెట్టుకోండి. పన్ను రసీదు కావాలన్నవాళ్లను మాత్రం మీ వెబ్‌సైట్ విరాళాల పేజీకి పంపాలి, అవతార్ పేరు మీద రసీదు ఇవ్వలేరు కదా.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2005 నుంచి సెకండ్ లైఫ్‌లో నడుపుతున్న విరాళాల సేకరణ నడక రిలే ఫర్ లైఫ్ చూస్తే పెట్టెల వెనక అసలు కిటుకు తెలుస్తుంది. జట్లు నెలల తరబడి సొంతంగా కార్యక్రమాలు పెట్టి విరాళాలు పోగుచేస్తాయి, చివర్లో జరిగే నడకకు తమ శిబిరాల్ని తామే కట్టుకుంటాయి. కట్టే పని జనానికి వదిలేస్తేనే వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు.

నిధులిచ్చే ఫౌండేషన్లకు విరాళాల పెట్టెతో పనిలేదు, వాళ్లకు పనికొచ్చేది వినే అవకాశం. అమెరికాకు చెందిన మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2007లో దాతృత్వం మీద చర్చల్ని సెకండ్ లైఫ్‌లో జరిపింది. దరఖాస్తుదారులు నేరుగా ప్రశ్నలడిగే గంట, వేర్వేరు దేశాల గ్రాంటీలు (నిధులు అందుకున్న సంస్థలు) ఒకరి పని ఒకరికి చూపించుకునే సభ, ఇవి బాగా నడుస్తాయి. గ్రాంటు నిర్ణయం, సంతకాలు మాత్రం అక్కడ పెట్టుకోకండి. ఇంకో దారి, నమూనా కట్టించి చూడడం. ఐక్యరాజ్యసమితి నగరాల సంస్థ యూఎన్-హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ ఆట తయారీదారు మోజాంగ్ 2012లో మొదలుపెట్టిన బ్లాక్ బై బ్లాక్‌లో స్థానికులు తమ వీధుల్ని, పార్కుల్ని దిమ్మెలు (బ్లాకులు) పేర్చి కట్టే ఆ ఆటలో తిరగ డిజైన్ చేస్తారు. మీరూ చేయాలంటే ఇప్పుడున్న స్థలాన్ని ఒక బ్లాక్‌కు ఒక మీటరు చొప్పున ముందే కట్టి ఉంచండి, ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టండి, చివర్లో ప్రతి జట్టూ నిర్ణయాధికారం ఉన్నవాళ్ల ముందు తమ నమూనా వివరించాలి. ఆ చివరి మెట్టు లేకపోతే అది ఆటగానే మిగిలిపోతుంది. పిల్లలుంటే తల్లిదండ్రుల అనుమతి, ఎప్పుడూ ఇద్దరు పెద్దల పర్యవేక్షణ ఉండాలి. ప్రైవేటు సందేశాలు వద్దు.

గ్రాంటీ నివేదికలో సందర్శకుల సంఖ్య ఒక్కటే ఉంటే నమ్మకండి. సందర్శకుల్ని లెక్కించే కౌంటర్ ఆ సంస్థ సిబ్బందినీ లెక్కపెడుతుంది, దారితప్పి వచ్చినవాళ్లనీ లెక్కపెడుతుంది. మూడోసారి వచ్చినవాళ్లెందరో అడగండి. అలాగని సహాయక బృందాల్లో ఎవరి అసలు పేరూ అడగొద్దు, చాట్ లాగ్ వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టొద్దు. అవతార్ వెనక దాక్కోగలమన్న ధైర్యంతోనే చాలామంది అక్కడ నోరు విప్పుతారు.

ఇలాంటి వర్చువల్ ప్రపంచాలు మూతపడతాయి కూడా. ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చి 10న, మోజిల్లా హబ్స్ 2024 మే 31న ఆగిపోయాయి. మోడళ్లు, బొమ్మల అసలు ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంచుకోండి. కాంట్రాక్టర్ కట్టిపెడితే అసలు ఫైళ్లు కూడా అప్పగించాలని ఒప్పందంలో రాయించండి, ఎందుకంటే సెకండ్ లైఫ్‌లో కట్టినవాడు తప్ప వేరొకరు దాన్ని బయటికి ఎగుమతి చేసుకోలేరు. సభ్యుల ఈమెయిళ్లు వాళ్ల సమ్మతితో మొదటి సమావేశంలోనే తీసుకోండి. స్థలం వదిలేసే రోజు వస్తే గడువుకు వారం ముందే వస్తువులన్నీ మీరే ఎత్తి, పేర్లు పెట్టి ఫోల్డర్లలో సర్దుకోండి. సిస్టమ్ వెనక్కి పంపితే అన్నీ కలగాపులగంగా లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి.