ఫ్యామిలీ కోర్టు తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు విధానం: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్

విడాకుల కేసు ముగిసిన రోజున కాగితాల మీద ఎవరికీ ధ్యాస ఉండదు. ఎప్పుడు ఇల్లు చేరదామా అనే ఉంటుంది. వకీలు ఇచ్చిన జిరాక్సును బీరువాలో పెట్టేసి మర్చిపోతారు. కొన్నేళ్లు గడిచాక పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలనో, మళ్లీ పెళ్లి రిజిస్టరు చేయించాలనో, వీసాకు పెట్టాలనో వెళితే జిరాక్సు కుదరదు, కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ తెమ్మంటారు. అప్పటికి వకీలు ఊరు మారిపోయి ఉంటారు. కేసు నంబరు గుర్తుండదు. మళ్లీ ఆ కోర్టు మెట్లెక్కాలంటేనే మనసు ఒప్పదు.

ఈ పని కష్టమైనదేమీ కాదు. అందరూ చిక్కుకునేది కేసు నంబరు దగ్గరే. అది చేతిలో ఉంటే మిగతాదంతా ఒక అర్జీ, కొన్ని స్టాంపులు, రెండు మూడుసార్లు కౌంటరుకు వెళ్లడం. అందుకే ముందు దాని గురించే వివరంగా చెబుతాను.

ఏ కోర్టులో ఉందో తేల్చుకోండి

కుటుంబ గొడవలన్నీ ఫ్యామిలీ కోర్టులోనే నడవవు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద విడాకులు, కాపురానికి రప్పించుకోవడం, భరణం, పిల్లల కస్టడీ, దంపతుల మధ్య ఆస్తి వివాదాలు ఆ కోర్టుకు వెళతాయి. ఆ ప్రాంతానికి ఫ్యామిలీ కోర్టు లేకపోతే విడాకుల పిటిషన్ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేసి ఉండవచ్చు. గృహహింస చట్టం కింద వేసిన డి.వి.సి., వరకట్న వేధింపుల కేసు సాధారణంగా మేజిస్ట్రేటు కోర్టులో ఉంటాయి. ఒకే ఇంట్లో మూడు కేసులు నడిస్తే మూడు ఫైళ్లు మూడు చోట్ల ఉండే అవకాశం ఉంది. 'నా కేసు కాగితాలు' అని ఒకే కౌంటరులో అడిగితే వాళ్లు ఒక ఫైలే చూస్తారు, మిగతావి లేవంటారు. నిజానికి అవి పక్క భవనంలో ఉంటాయి.

పాత కేసులకు ఇంకో మెలిక ఉంది. తెలంగాణలో 2022 జూన్ 2న జిల్లా కోర్టులు 33 జిల్లాలకూ విస్తరించాయి. అంతకుముందు ఉమ్మడి జిల్లా కేంద్రంలో నడిచిన కేసు ఫైలు కొత్త జిల్లాకు బదిలీ అయి ఉండొచ్చు, పాత చోటే ఉండిపోయి ఉండొచ్చు కూడా. ముందు పాత కోర్టులోనే అడగండి. బదిలీ అయి ఉంటే ఎక్కడికి పంపారో వాళ్ల రిజిస్టరులో ఉంటుంది. హైకోర్టు దాకా వెళ్లిన కేసైతే 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులన్న సంగతి గుర్తుంచుకోండి.

కేసు నంబరు వెతకడం

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటుగానీ అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్‌గానీ తెరవండి. మీ దగ్గర పాత నోటీసో, వాయిదా స్లిప్పో ఉంటే దాని మీద సి.ఎన్.ఆర్. నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు ఉందేమో చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి: మొదట రాష్ట్రం, జిల్లాను సూచించే అక్షరాలు, తర్వాత కోర్టు కోడు, కేసు వరస సంఖ్య, చివరన సంవత్సరం. అది కొడితే కేసు చరిత్ర అంతా వస్తుంది.

సి.ఎన్.ఆర్. లేకపోతే రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని పార్టీ పేరుతో వెతకాలి. కనీసం మూడు అక్షరాలు, కేసు వేసిన సంవత్సరం ఇవ్వాలి. పొరపాట్లు జరిగేది ఇక్కడే. మొదటిది, పెండింగ్ కేసుల్లో మాత్రమే వెతికి 'లేదు' అనుకుంటారు. ముగిసిన కేసు కావాలంటే డిస్పోజ్డ్ అన్నది ఎంచుకోవాలి. రెండోది, పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశారన్నది. లక్ష్మి అన్న పేరునే నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందు పెట్టారో వెనక పెట్టారో తెలియదు. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. ఎలా రాసినా మారని మూడు నాలుగు అక్షరాలు ఇచ్చి, వచ్చిన జాబితాలో కళ్లతో వెతకండి. దొరక్కపోతే అవతలి పక్షం పేరుతో ప్రయత్నించండి. సంవత్సరం కూడా ఒకటి ముందు, ఒకటి వెనక చూడండి. డిసెంబరులో వేసిన పిటిషన్‌కు నంబరు జనవరిలో పడడం మామూలే.

నంబరుకు ముందుండే అక్షరాలే అది ఏ రకం కేసో చెబుతాయి. ఎఫ్.సి.ఓ.పి. అంటే ఫ్యామిలీ కోర్టులో వేసిన ఒరిజినల్ పిటిషన్. హెచ్.ఎం.ఓ.పి. హిందూ వివాహ చట్టం కింద వేసినది, సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎం.సి. భరణం కేసు. జి.డబ్ల్యు.ఓ.పి. పిల్లల సంరక్షణకు సంబంధించినది. ఐ.ఏ. అసలు కేసు నడుస్తుండగా వేసిన మధ్యంతర పిటిషన్, ఈ.పి. తీర్పు అమలు కోసం వేసినది. అర్జీలో ఈ అక్షరాలు తప్పు పడితే అదే నంబరుతో ఉన్న ఇంకెవరిదో ఫైలు తీస్తారు.

ఆన్‌లైనులో అసలేమీ కనిపించకపోతే భయపడవద్దు. కుటుంబ కేసుల్లో గోప్యత కోసం వివరాలు, ఉత్తర్వులు బయటికి చూపించకపోవచ్చు. కంప్యూటరు రాకముందు కేసులు అందులో ఎక్కకపోయి ఉండవచ్చు. అప్పుడు కోర్టు కాంప్లెక్సులోని ఈ-సేవా కేంద్రంలోగానీ ఫైలింగ్ సెక్షనులోగానీ అడగండి. ఇద్దరి పేర్లు, కేసు వేసిన ఏడాది, సుమారుగా తీర్పు వచ్చిన నెల ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రిజిస్టరు తిరగేసేవారికి నెల తెలిస్తే చాలా పని తగ్గుతుంది.

ఏం అడగాలో స్పష్టంగా రాయండి

తీర్పు, డిక్రీ రెండు వేరు కాగితాలు. ఎవరేమన్నారు, జడ్జి ఎందుకు అలా తేల్చారు అన్నది తీర్పులో ఉంటుంది. చివరికి ఏం తేలిందో లాంఛనంగా చెప్పేది డిక్రీ. దానికి ఒకటి రెండు పేజీలు చాలు. రెండూ అడగండి. ఒకటే అడిగి, తర్వాత రెండోదాని కోసం మళ్లీ వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. హిందూ వివాహ చట్టం 23(4) సెక్షన్ ప్రకారం, విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు దాని కాపీని ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలి. స్పెషల్ మ్యారేజ్ చట్టంలోనూ ఇదే నియమం ఉంది. భరణం ఉత్తర్వు కాపీని, ఎవరికి అనుకూలంగా వచ్చిందో వారికి ఉచితంగా ఇవ్వాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 128 సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 147. గృహహింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వూ పార్టీలకు ఉచితమే. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు కాపీ కూడా అంతే. ఈ మొదటి కాపీ తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. తీర్పు చెప్పిన రోజే బెంచ్ క్లర్కును అడగండి. అదనపు కాపీలకు మాత్రం డబ్బు కట్టాలి.

సాక్షుల వాంగ్మూలాలు, కౌంటరు (పిటిషన్‌కు అవతలి పక్షం ఇచ్చిన లిఖిత జవాబు), ఐ.ఏ. ఉత్తర్వులు, రుజువుగా దాఖలు చేసిన పత్రాల కాపీలు కూడా అడగవచ్చు. ప్రతిదాన్నీ తేదీతో సహా విడిగా రాయాలి. 'మొత్తం ఫైలు' అని రాస్తే వందల పేజీల ఖర్చు మీద పడుతుంది. మీరు దాఖలు చేసిన పెళ్లి ఫొటోలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి కావాలంటే అది కాపీ అర్జీతో అయ్యే పని కాదు, పత్రాలు తిరిగి ఇప్పించమని వేరే పిటిషన్ వేయాలి. ఆలస్యం చేయకండి. ముగిసిన కేసు ఫైలు రికార్డు రూముకు వెళుతుంది. తీర్పు, డిక్రీ ఎక్కువ కాలం నిలుస్తాయిగానీ మిగతా కాగితాలను గడువు తీరాక నాశనం చేస్తారు. కౌన్సెలింగ్‌లో మీరు చెప్పుకున్న మాటల కాపీ మాత్రం అడిగినా రాదు. అది రహస్యంగా ఉండాలనే ఆ ఏర్పాటు.

అర్జీ పెట్టడం

దీన్ని కోర్టులో సి.ఏ. అంటారు, అంటే కాపీ అప్లికేషన్. ఫారం కాపీయింగ్ సెక్షనులోనో, కోర్టు బయట స్టాంపు వెండర్ల దగ్గరో దొరుకుతుంది. కోర్టు పేరు, కేసు నంబరు, ఇద్దరి పేర్లు, తీర్పు తేదీ, కావలసిన కాగితాలు, ఎన్ని కాపీలు, ఎందుకు అన్నవి నింపి కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. మీరే స్వయంగా ఇవ్వవచ్చు. ఫ్యామిలీ కోర్టులో వకీలు తప్పనిసరి కాదు, కాపీ తీసుకోవడానికి అసలే అక్కర్లేదు. గుర్తింపు కార్డు జిరాక్సు వెంట ఉంచుకోండి. త్వరగా కావాలంటే కారణం రాసి అర్జెంటు కాపీగా అడగవచ్చు. వీసా ఇంటర్వ్యూ లేఖ లాంటిది జతచేస్తే ఆ మాటకు బలం ఉంటుంది.

ఇచ్చిన వెంటనే సి.ఏ. నంబరు రాయించుకోండి. ఆ తర్వాత వాళ్లు ఫైలు తెప్పించి, పేజీలు లెక్కపెట్టి, ఎంత కట్టాలో నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా ఆ చార్జీలు కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. ఫోను చేసి చెబుతారులే అని ఇంట్లో కూర్చుని అర్జీ పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. రెండు మూడు రోజులకొకసారి బోర్డు చూడటం మీ బాధ్యతే.

కాపీ వెనక ఉండే తేదీలు

సర్టిఫైడ్ కాపీ మీద కొన్ని తేదీలు వేస్తారు: అర్జీ ఇచ్చినది, చార్జీలు కట్టమన్నది, కట్టినది, కాపీ సిద్ధమైనది, ఇచ్చినది. అప్పీలుకు వెళ్లేవారికి ఇవి ప్రాణం. 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కాపీ కోసం పట్టిన అవసరమైన సమయాన్ని అప్పీలు గడువులోంచి తీసేస్తారు. మార్చి 4న అర్జీ పెడితే, చార్జీలు వెంటనే కడితే, 20న కాపీ సిద్ధమైతే, ఆ రోజులు లెక్కలోకి రావు. చార్జీలు కట్టడంలో మీరు చేసిన జాప్యం మాత్రం మీ ఖాతాలోనే పడుతుంది. అర్జీ పెట్టకముందు గడిచిన రోజులూ అంతే.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ అప్పీలుకు 30 రోజులు అంటుంది. హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ 90 రోజులు అంటుంది. ఏది వర్తిస్తుందన్న వాదనలోకి మీరు వెళ్లకండి, 30 రోజులే ఉన్నాయనుకుని నడవండి. తీర్పు వచ్చిన రోజే, లేదంటే మర్నాడే అర్జీ పెట్టండి. పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద 19(2) ప్రకారం అప్పీలు ఉండదు, అయినా కాపీ వెంటనే తీసుకోవడమే మేలు.

కేసులో పార్టీ కానివాళ్లు

తల్లిదండ్రుల పాత కేసు కాగితాలు కావాలని పిల్లలు, సంబంధం చూస్తూ అవతలివాళ్ల విడాకులు నిజమేనా అని ఆరా తీసే పెద్దలు వస్తుంటారు. పార్టీ కాని వ్యక్తి అర్జీతో పాటు అఫిడవిట్ వేయాలి. కాపీ ఎందుకు కావాలో, తనకు దానితో ఏం సంబంధమో అందులో చెప్పాలి. జడ్జి ఆమోదిస్తేనే కాపీ వస్తుంది. 'నా తల్లి ఈ కేసులో పిటిషనరు. ఆమె మరణించారు. ఆమె ఆస్తికి వారసుడిగా నా హక్కు రుజువు చేసుకోవడానికి ఈ డిక్రీ అవసరం' అన్నంత సూటిగా రాసి, మరణ ధ్రువీకరణ పత్రం, బంధుత్వం చూపే కాగితం జతచేయండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే పని కాదు. కోర్టు కాగితాల కాపీలు కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో తేల్చింది.

పెళ్లి సంబంధం కోసం ఆరా తీసేవారికి నా సలహా ఒక్కటే: కోర్టు చుట్టూ తిరగకండి, ఆ వ్యక్తినే సర్టిఫైడ్ కాపీ చూపమని మర్యాదగా అడగండి. ఈ కేసులను మూసిన తలుపుల వెనక విచారించేది ఒక మనిషి పరువు కాపాడటానికే. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఆ విచారణ విషయాలను ప్రచురించడాన్నే నిషేధిస్తుంది. చేతికొచ్చిన కాపీని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

విదేశాల్లో ఉన్నవారు

కేసులో వకాలతు ఉన్న వకీలు మీ తరఫున కాపీ తీసుకోవచ్చు. కొత్త వకీలైతే కొత్త వకాలతు కావాలి. ఇంట్లోవాళ్లకు అప్పగించాలంటే ఈ పని ప్రస్తావన ఉన్న పవర్ ఆఫ్ అటార్నీ పంపండి. కాపీని అక్కడి అధికారులకు ఇవ్వాలంటే, ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ చేయించాలి. అపోస్టిల్ అంటే ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ గుర్తించే ధ్రువీకరణ. ఆ ఒప్పందం భారత్‌కు 2005 నుంచి అమల్లో ఉంది. అందులో లేని దేశమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కావాలి.

ఖర్చు, సాయం

డబ్బు లేకనో, ఒంటరిగా వెళ్లడానికి భయపడో ఆగిపోయినవాళ్లు కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ గదికి వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. అర్జీ రాసిపెట్టమని కూడా అక్కడ అడగవచ్చు.

కాపీ చేతికి వచ్చాక కౌంటరు దగ్గరే నిలబడి చూసుకోండి. పేజీలన్నీ ఉన్నాయా, ముద్ర, సంతకం పడ్డాయా, మీ పేరు, పెళ్లి తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా అన్నది. కాపీ తీయడంలో పొరపాటైతే అక్కడే సరిచేస్తారు. అసలు డిక్రీలోనే అక్షరం తప్పు పడితే సివిల్ ప్రొసీజర్ కోడు 152 సెక్షన్ కింద సవరణ పిటిషన్ వేయాలి. అది ఎప్పుడైనా వేయవచ్చు, కానీ వీసా తేదీ దగ్గర పడ్డాక కన్నా ఇప్పుడే వేస్తే నిదానంగా అవుతుంది.